మా పిన్నికి దొరకని ఏడుపు

మా ఛాయాదేవి పిన్నికి ఒక అలవాటుంది. ఎదుటి మనిషి ఏడుస్తున్నా, తిడుతున్నా, కుక్క వెంటపడితే పరిగెడుతున్నా, ముందు ఫోన్ తీసి, "ఒక్క క్షణం! ఆ మొహం అలాగే ఉంచండి!" అంటుంది. ఏమైందని అడగడం, మంచినీళ్ళు ఇవ్వడం, కుక్కను అదిలించడం వగైరాలన్నీ ఆ తరవాతే.

మా చుట్టాల్లో ఈ మాట వినని మొహం లేదు. మా అన్నయ్య పెళ్ళిలో అప్పగింతల వేళ పెళ్ళికూతురి తల్లి భోరుమనబోతుంటే, పిన్ని జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, "వదినగారూ, అలాగే ఉంచండి, గడ్డం కాస్త పైకి" అంది. ఆవిడ బిత్తరపోయింది. తరవాత నవ్వింది. తల్లిని చూసి కూతురు నవ్వింది. కూతుర్ని చూసి ఊరంతా నవ్వింది. "అప్పగింతల పాట ఎక్కడ వెయ్యాలండీ, ఏడ్చినవాళ్ళు ఒక్కరూ లేరు" అని పెళ్ళి వీడియో తీసినతను చాలాకాలం మా ఇంటికి ఫోన్ చేస్తూ ఉండేవాడు.

పిన్నికి పిచ్చి లేదు, పీహెచ్‌డీ ఉంది. ఉందంటే చేతికి రాలేదు, నడుస్తోంది. ఆవిడ కంకిపాడు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. మనిషి మొహం చూసి లోపల ఏ భావం ఉందో యంత్రం చెప్పేలా చెయ్యాలన్నది ఆవిడ పరిశోధన. అది ఎంతకాలంగా నడుస్తోందంటే, మొదట్లో ఫొటో దిగిన పసిపిల్లలు ఇప్పుడు అదే కాలేజీలో చేరి ఆవిడ పాఠాలు వింటున్నారు. ఈమధ్య యాజమాన్యం పిలిచి, పీహెచ్‌డీ లేనివాళ్ళు వచ్చే ఏడాది నుంచి రానక్కర్లేదని మర్యాదగా చెప్పింది. విశ్వవిద్యాలయం కూడా ఇక గడువు పొడిగించేది లేదని, ఆఖరి సమీక్షలో గట్టెక్కితేనే థీసిస్ తీసుకుంటామని మర్యాద లేకుండా చెప్పింది.

నేను తెలుగు ఎం.ఏ. చదవడానికి విజయవాడ వచ్చి భవానీపురంలో పిన్ని ఇంట్లో దిగాను. ఎం.ఏ. అయిపోయింది. నేను మాత్రం దిగినదాన్ని దిగినట్టే ఉన్నాను. ఊరికే తిని కూర్చునే మనిషికి ఏదో ఒక ఉపయోగం ఉండాలి కదా. నా ఉపయోగాన్ని పిన్ని మొదటి వారంలోనే కనిపెట్టింది.

నా మొహంలో ఏదీ పలకదు. లోపల పొంగిపోతున్నా, కుంగిపోతున్నా, పైకి కనిపించేది బస్సు కోసం నిలబడ్డ మనిషి మొహమే.

"సాయిశ్రీ, నీకు తొమ్మిది రసాలూ తెలుసు కదే! ఒక్కటైనా మొహం దాకా రాదేం?" అంది పిన్ని ఫోన్‌లో నా ఫొటోలు తిప్పి చూస్తూ.

"సిగ్గు పిన్నీ."

"అదన్నా కనపడాలిగా."

మా అలంకార శాస్త్రంలో రసాలు తొమ్మిది. పిన్ని యంత్రంలో భావాలు ఏడే: ఆనందం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం, ఏమీ లేకపోవడం. ఆఖరిదాన్ని తటస్థం అంటారు. దానికి ఆదర్శంగా నన్ను తీసుకున్నారు. మరి శృంగారం ఏదని గొంతు తగ్గించి అడిగాను. "కాలేజీ సర్వర్ మీద అలాంటివి కుదరవు" అంది పిన్ని.

యంత్రానికి చదువు రావాలంటే ఒక్కో భావానికీ వేల మొహాలు చూపించాలట. ఆనందానికి కొదవ లేదు. ఫోన్ ఎత్తితే చాలు, జనం నవ్వుతారు. దుఃఖం, కోపం అడిగితే ఎవరిస్తారు? విదేశాల వాళ్ళు పోగుచేసిపెట్టిన మొహాలున్నాయి గానీ, వాళ్ళు నవ్వితే పళ్ళన్నీ కనిపిస్తాయి. మనవాళ్ళు నవ్వొస్తే నోటికి చెయ్యో కొంగో అడ్డం పెట్టుకుంటారు. యంత్రం దాన్ని భయం కింద రాసుకుంటోంది.

"అందుకే గ్యాన్ వాడుతున్నా" అంది పిన్ని. జనరేటివ్ అడ్వర్సేరియల్ నెట్‌వర్క్‌కి అది ముద్దుపేరు. నాకు అర్థం కాలేదన్న సంగతి నా మొహం చూసి ఎవరూ కనుక్కోలేరు కాబట్టి నోటితో చెప్పాను.

"మీ తాతయ్య కొట్టు తెలుసుగా" అని మొదలుపెట్టింది. మా రామలింగం తాతయ్యకి వన్‌టౌన్‌లో చేనేత చీరల కొట్టుంది. "ఒకడు మరమగ్గం చీర తెచ్చి, చేనేతదే బాబాయ్‌గారూ అంటాడు. నాన్న అంచు తిప్పి చూసి విసిరికొడతాడు. వాడు ఇంటికెళ్ళి అంచు సరిచేసుకొస్తాడు. ఈసారి నాన్న వెనకవైపు పోగులు చూసి విసిరికొడతాడు. వాడు పోగులు కూడా సరిచేసుకొస్తాడు. ఇలా ఇద్దరూ ఏళ్ళ తరబడి పోట్లాడుకుంటే చివరికి ఏమవుద్ది?"

"తాతయ్యకి బీపీ వస్తుంది."

"తింగరిదానా! వాడి దొంగ చీర అచ్చం అసలు చీరలాగే తయారవుద్ది. నా కంప్యూటర్లోనూ అంతే. ఒకడు దొంగ మొహాలు చేస్తాడు, ఇంకొకడు పట్టుకుంటాడు. పట్టుబడీ పట్టుబడీ వాడు ఆరితేరతాడు. తక్కువ పడ్డ భావాలకి ఆ మొహాలు కలిపి యంత్రానికి పాఠం చెబుతా."

"అంటే ఎవరూ ఏడవని ఏడుపన్నమాట."

"అదీ! కాకపోతే దొంగవి చెయ్యాలన్నా ముందు అసలువి కొన్ని కావాలి."

ఆ అసలువి పోగుచెయ్యడానికే మేం బయల్దేరాం.

"కోపం కావాలంటే ఆటోనగర్ రండి. ఎంత కావాలంటే అంత" అన్నాడు హరిబాబు బాబాయ్. బాబాయ్‌కి అక్కడ లారీ స్పేర్‌పార్టుల కొట్టుంది. వెళ్ళాం. వెనకాల శుభ్రంగా కనపడాలని నా చేతికో తెల్ల దుప్పటి ఇచ్చింది పిన్ని. దాన్ని రెండు చేతులా చాపి పట్టుకుని గ్రీజు మరకల మధ్య నిలబడ్డాను. ఎం.ఏ.లో నాకు ఫస్ట్ క్లాసు వచ్చిందని ఆటోనగర్‌లో ఎవరికీ తెలియకపోవడం నా అదృష్టం.

పక్క షెడ్డులో ఒక లారీ ఓనరు, మెకానిక్కు గేర్‌బాక్స్ దగ్గర తగువు పడుతున్నారు.

"విప్పినోడివి బిగించవా? బండి ఏం కావాలనుకున్నావ్?"

"చెప్పాపెట్టకుండా బండి తీస్కెళ్ళింది నువ్వా నేనా?"

"ఒక్క క్షణం!" అంటూ పిన్ని మధ్యలో దూరింది. "ఆ మొహం అలాగే ఉంచండి! ఓనరుగారూ, మీరు కాస్త ఎండలోకి వచ్చి తిట్టండి, నీడ పడుతోంది."

"ఎవరండీ మీరు?"

"కోపం కోసం వచ్చామండీ. మీది చాలా బాగుంది."

ఓనరు మీసం సవరించుకున్నాడు. మెకానిక్కు చిన్నబుచ్చుకున్నాడు. "మరి నాదండీ?"

"మీది కొంచెం తక్కువండీ. కనుబొమ్మలు కలవట్లేదు."

"నాకు కోపం తక్కువా? చూడండి" అని అతను ఊపిరి బిగబట్టి, కళ్ళు గుడ్లగూబలా తెరిచి, మెడ నరాలు ఉబ్బించాడు.

"ఒరేయ్, అది కోపం కాదురా, లారీ కింద జాకీ జారినట్టుంది" అన్నాడు ఓనరు. అంతే. ఇద్దరూ గేర్‌బాక్స్ మీద వాలి నవ్వడం మొదలుపెట్టారు. పిన్ని ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. "మళ్ళీ రావట్లేదు మేడమ్‌గారూ. రేపు రండి, తప్పకుండా కొట్టుకుంటాం" అన్నాడు మెకానిక్కు. నలుగురం టీ తాగాం. దుప్పటి మడతపెట్టాను.

ఇంటికొచ్చి చూసుకుంటే, కోపం అని పేరు పెట్టిన ఫొటోలన్నిటిలోనూ జనం నవ్వు ఆపుకుంటున్నారు.

"అడిగితే మొహం పాడైపోతోంది. అడక్కుండా తియ్యాలి" అని తేల్చింది పిన్ని. తాతయ్య కొట్లో ఒక కెమెరా బిగించింది. తెలియకుండా తియ్యడం తప్పు కాబట్టి కింద బోర్డు పెట్టింది. దాని మీద, 'ఈ వైపు కూర్చున్నవారి ముఖాలు పరిశోధన నిమిత్తం ఫొటో తీయబడును. ఇష్టం లేనివారు ఎడమవైపు కూర్చొనవలెను' అని రాసింది నేను. విజ్ఞానశాస్త్రానికి నా చదువు చేసిన సేవ అది. ఆ బోర్డు చదివిన వాళ్ళంతా, "పరిశోధన అంటే తగ్గింపాండీ?" అని అడిగి మరీ ఈ వైపు కూర్చున్నారు.

అయితే ఆ మొహాల వెనక ఏ భావం ఉందో తెలియాలి కదా. పిన్ని ఒక సూత్రం చెప్పింది: చీర కొంటే, ఆ చీర చూసినప్పటి మొహం ఆనందం. కొనకుండా లేచిపోతే, అసహ్యం. తాతయ్య పక్కన కూర్చుని వాటిని కంప్యూటర్లో ఎక్కించడం నా పని. యంత్రం వాటన్నిటినీ శ్రద్ధగా చదువుకుంది. దొంగ మొహాలు తయారుచేసేవాడు కూడా ఆ అచ్చులోనే కొత్త మొహాలు పోశాడు.

ఆ చదువు పూర్తయిన సాయంత్రం బాబాయ్ మంచి బేరం తగిలి, నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. పిన్ని కంప్యూటర్లోంచి యంత్రం చూసి, 'అసహ్యం' అంది.

"ఏమండీ, ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదే. బ్రహ్మాండంగా ఉన్నా."

"నా దగ్గర దాచకండి. యంత్రం చెబుతోంది."

దాచేదేమీ లేదని బాబాయ్ ఒట్టు పెట్టుకున్నాడు. పిన్ని నమ్మకుండానే బీరకాయ కూర వడ్డించింది. ఆ రోజు కూర మాడింది. ముద్ద నోట్లో పెట్టుకుని బాబాయ్ మొహం చిట్లించాడు. యంత్రం ఎప్పుడూ లేనంత నమ్మకంగా 'ఆనందం' అంది.

"అబ్బో! ఇంత ఇష్టమా?" అని పిన్ని మురిసిపోయింది. "పెళ్ళయినప్పటి నుంచీ ఒక్కసారి కూడా చెప్పలేదే!"

"ఛాయా, అదికాదు..."

"మీరేం చెప్పక్కర్లేదు."

మర్నాడు కూడా బీరకాయ మాడింది. ఈసారి కావాలనే మాడ్చింది. ఆ పై రోజు ఇంకాస్త. బాబాయ్ మొహం చిట్లించేకొద్దీ యంత్రం ఆనందపడింది, యంత్రం ఆనందపడేకొద్దీ పిన్ని మాడ్చింది. బాబాయ్ చిక్కిపోయాడు. నన్ను చూసి మాత్రం యంత్రం చాలాసేపు తటపటాయించి, ఆగిపోయింది. దాన్ని ఆపేసి మళ్ళీ వెలిగించాల్సొచ్చింది.

బాబాయ్‌ని కాపాడింది పక్కింటి పున్నమ్మగారు. కొత్త చీర కట్టుకుని చూపించడానికి వచ్చింది. పిన్ని ఆ చీరను పోల్చుకుంది.

"ఇది మా కొట్లోది కదండీ! దీన్ని చూసి మీరు మొహం అంత వికారంగా పెట్టారేం? కెమెరాలో చూశాను."

"పెట్టక? నచ్చిందని తెలిస్తే మీ నాన్నగారు ధర దిగుతారా? ఎంత నచ్చితే అంత వికారంగా పెట్టాలమ్మా. మా అత్తగారు నేర్పింది."

పిన్ని గోడకి చేరగిలబడింది. "మరి నచ్చకపోతే?"

"నచ్చకపోతే ఏముంది, నవ్వుతూ, మళ్ళీ వస్తాం బాబాయ్‌గారూ అని లేచొస్తాం."

బాబాయ్ బీరకాయ గిన్నె పట్టుకెళ్ళి నిశ్శబ్దంగా సింకులో పెట్టాడు. నేను పుట్టినప్పటి నుంచీ ఆ కొట్లో ఆడుకున్నదాన్ని. భావాల మీద పుస్తకాలకు పుస్తకాలు చదివినదాన్ని. చీర నచ్చిన మనిషి మొహం ఎలా ఉంటుందో నాకూ తెలియదు.

కృష్ణా జిల్లా ఆడవాళ్ళ ఆనందాన్ని, అసహ్యాన్ని అటూఇటూ మార్చి యంత్రానికి మళ్ళీ మొదటినుంచి చదువు చెప్పింది పిన్ని. అవి దారిలో పడ్డాయి. కోపం కూడా, ఆటోనగర్‌లో దూరంగా నిలబడి, ముందే అడిగిపెట్టుకుని, ఎలాగో సంపాదించింది. మిగిలింది దుఃఖం.

పరీక్ష ఫలితాలొచ్చిన రోజు కాలేజీ వరండాలన్నీ తిరిగింది. బస్టాండులో సాగనంపేచోట నిలబడింది. ఆస్పత్రి గేటు దగ్గరికి చాలాసార్లు వెళ్ళింది. కొన్నిసార్లు నన్నూ తీసుకెళ్ళింది. ఎవరో ఒకరు ఏడుస్తూ కనపడేవాళ్ళు. "ఒక్క క్షణం!" అని పిన్ని వెళ్ళేది. నేను సిగ్గుతో చచ్చిపోయి, ఆవిడెవరో నాకు తెలియనట్టు అటు తిరిగి గోడమీది పోస్టర్లు చదువుకునేదాన్ని. చాలాసేపటికి పిన్ని వచ్చి, "దొరకలేదే" అనేది. ఒకసారి మూడు గంటలు చదివాను. ఆ ఊళ్ళో ఏ పైల్స్ డాక్టరు ఏ వీధిలో ఉన్నాడో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

చివరికి ఏడుపు ఇంట్లోనే పుట్టింది. నాకే.

ఒక జూనియర్ కాలేజీ వాళ్ళు నన్ను డెమో క్లాసుకి పిలిచారు. నాకెంతో ఇష్టమైన పద్యం. బోర్డు మీద శీర్షిక రాసి, వెనక్కి తిరిగి, పిల్లల్ని చూసి, మళ్ళీ బోర్డువైపు తిరిగి, శీర్షిక కింద గీత గీశాను. గీత మీద గీత గీశాను. ప్రిన్సిపాల్ వచ్చి, "చాలమ్మా, సుద్దముక్క అయిపోయింది" అనేదాకా గీస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చి వాషింగ్ మెషీన్ పక్కన కూలబడి ఏడుస్తుంటే పిన్ని వచ్చింది. ఫోన్ తీసింది.

"కదలకు! సాయిశ్రీ, కదలకు! నీ మొహంలో ఏదో ఉందే! మొట్టమొదటిసారి!"

నాకు నవ్వొచ్చింది. ఏడుస్తూ నవ్వితే ముక్కులోంచి ఏం వస్తుందో చెప్పనక్కర్లేదు.

"అయ్యో, పోయింది!" అంది పిన్ని. ఫోన్ మెషీన్ మీద పడేసి, నా పక్కనే తడి నేల మీద కూర్చుంది. జరిగిందంతా చెప్పించుకుంది. లేపి పెసరట్లు పోసింది. అవి తింటూ ఆ పద్యం తనకు చెప్పమంది. బాబాయ్‌ని కూడా పిల్చి కూర్చోబెట్టింది. ఇద్దరూ వేళ్ళు ఎత్తి డౌట్లు అడిగారు. బాబాయ్ లాస్ట్ బెంచీ అని చెప్పి కాసేపు నిద్రపోయాడు కూడా.

అయినా రాత్రి పడుకున్నాక నాకు పిన్ని మీద కోపం వచ్చింది. నా దుఃఖం ఆవిడకి డేటా. పోనీ, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి మొహంలో భావం పలికితే, దానికీ ఫొటో లేదు.

గడువు ముంచుకొచ్చింది. బంధువులు జాలిపడి ఏడ్చిపెట్టిన కొన్ని ఫొటోలతో పిన్ని దొంగ దుఃఖాలు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. మొదట్లో వచ్చినవి ఉల్లిపాయలు తరుగుతున్నట్టు ఉన్నాయి. ఒకదానికి మూడు కనుబొమ్మలు. ఇంకొకటి అచ్చం నేనే, బాబాయ్ మీసంతో. పట్టుకునేవాడు విసిరికొట్టాడు, చేసేవాడు మళ్ళీ చేశాడు. నెమ్మదిగా కంప్యూటర్ నిండా మా ఇంటి పోలికలున్న, మా ఇంట్లో ఎవరూ కనని మనుషులు పుట్టి, వరసగా కన్నీళ్ళు పెట్టుకోసాగారు. వాళ్ళని కలిపి చదివించాక యంత్రం దుఃఖాన్ని చక్కగా పట్టుకుంది.

సమీక్ష కాలేజీ సెమినార్ హాల్లోనే జరిగింది. విశ్వవిద్యాలయం నుంచి సంజీవరావుగారనే పెద్ద ప్రొఫెసరు వచ్చారు. ఆయనతో పాటు, ఆయన అన్నదానికల్లా తలూపడానికి ఇద్దరు వచ్చారు. ప్రొజెక్టర్ దగ్గర డేనియల్ అనే విద్యార్థి కూర్చున్నాడు. ఏమీ లేని మొహం ఎలా ఉంటుందో ప్రత్యక్షంగా చూపించడానికి నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టారు.

పిన్ని బాగా చెప్పింది. యంత్రం నన్ను చూసి 'తటస్థం' అంది. తలూపేవాళ్ళు తలూపారు. అప్పుడు సంజీవరావుగారు కళ్ళజోడు తీశారు.

"అమ్మా, ఆనందం కొండంత ఉంది. కోపం ఉంది. దుఃఖం దగ్గరికొచ్చేసరికి నిజం మొహాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మిగతాదంతా మీ యంత్రం తయారుచేసిందే. అంతేగా?"

"అంతేనండీ."

"ఇన్నేళ్ళుగా మొహాలు పోగుచేస్తున్నారు. విజయవాడలో ఎవరూ ఏడవడం లేదా?"

"ఏడుస్తున్నారండీ."

"మరి?"

"దొరకలేదండీ."

"ఆస్పత్రులకి వెళ్ళారా?"

"వెళ్ళానండీ. చాలాసార్లు."

"అక్కడ కూడా?"

"దొరకలేదండీ" అంది పిన్ని, ఇంకా చిన్న గొంతుతో.

సంజీవరావుగారు పెన్ను మూత పెట్టేశారు. "కష్టపడకుండా కల్పించుకున్నారని అనుకోవాల్సొస్తుందమ్మా. నేను దీనికి సంతకం చెయ్యలేను."

 మా పిన్ని ఫోన్‌ని రెండు చేతుల్లో తిప్పుతూ కింద గచ్చు వైపు చూస్తోంది. అప్పుడు ఎక్కడో కుర్చీ కిర్రుమంది. ఎవరా అని చూస్తే, లేచి నిలబడింది నేనే. హాల్లో అందరూ నా వైపే చూస్తున్నారు. గీత గీసుకుందామన్నా బోర్డు దగ్గర్లో లేదు.

"సార్, దొరికాయి సార్."

"మీరెవరమ్మా?"

"తటస్థం సార్."

తలూపేవాళ్ళలో ఒకాయన దగ్గాడు.

"ఏడుపులు దొరికాయి సార్. మా పిన్ని తియ్యలేదు. ఏడుస్తున్న మనిషిని 'అలాగే ఉంచండి' అంటే ఎవరికైనా నవ్వొస్తుంది కదా సార్. వాళ్ళు నవ్వగానే ఫోన్ పక్కన పడేసి వాళ్ళ దగ్గర కూర్చుంటుంది. ఆస్పత్రి దగ్గర ఒకావిడ వాళ్ళాయనకి ఆపరేషనని ఏడుస్తుంటే ఇలాగే వెళ్ళింది. ఆవిడతో పాటు మందుల క్యూలో నిలబడి, ఆవిడ చేత ఇడ్లీ తినిపించి వచ్చింది. మూడు గంటలు. నేను ఆ మూడు గంటలూ ఓరకంట చూస్తూ పోస్టర్లు చదివాను సార్." చెబుతుంటేనే నాకూ అర్థమవుతోంది. "నేను ఏడ్చినప్పుడు కూడా ఫోన్ చేతిలోనే ఉంది. నొక్కలేదు."

"అయ్యగారూ, నన్నూ తియ్యలేదండీ" అని తలుపు దగ్గర్నుంచి ఇంకో గొంతు. క్యాంటీన్ శౌరమ్మ, చేతిలో టీ కప్పుల ట్రే. "మా పిల్ల ఇంటరు తప్పిందని స్టోర్‌రూములో కూర్చుని ఏడుస్తా ఉంటే మేడమ్‌గారొచ్చి, శౌరమ్మా ఆ మొహం అట్టాగే ఉంచు అన్నారండీ. ఏడుపెక్కడ ఆగుద్దండీ ఇంక, పకపకా నవ్వొచ్చేసింది. ఆ సాయంత్రం నుంచీ మా పిల్లకి లెక్కలు చెప్పారు. పాసైందండీ."

"నాదీ లేదు సార్" అన్నాడు డేనియల్, ప్రొజెక్టర్ వెనకనుంచి. "బ్యాక్‌లాగులప్పుడు."

"ఆపండర్రా!" అని అరిచింది పిన్ని. మొహం ఎర్రబడిపోయింది. "సార్ ముందు నా పరువు తీస్తున్నారు! సార్, సేకరణ పద్ధతిలో లోపం ఉందండీ. ఒప్పుకుంటున్నాను."

"వాళ్ళు నవ్వకముందే తియ్యచ్చు కదమ్మా" అన్నారు సంజీవరావుగారు.

"తియ్యచ్చండీ. వేలు అక్కడిదాకా వెళ్తుందండీ. నొక్కబుద్ధి కాదు. పోనీ నవ్వాక, మళ్ళీ ఏడవండి అని ఎట్టా అడుగుతామండీ?"

సంజీవరావుగారు శౌరమ్మ ట్రేలోంచి ఒక కప్పు తీసుకున్నారు. సగం తాగారు. ఆయన మొహంలో ఏముందో పోల్చుకోవడం నా వల్ల కాలేదు.

"ఈ గ్యాన్ పద్ధతి ఎందుకు ఎంచుకున్నారని మొదటి అధ్యాయంలో రాశారు?"

"దుఃఖానికి డేటా కొరత ఉందని రాశానండీ."

"కొట్టెయ్యండి. ఏడ్చేవాళ్ళని ఏడవనిచ్చి ఫొటో తీసుకునే అవసరం లేకుండా చెయ్యడానికి, అని రాయండి. అది కారణమంటే. నటులు ఏడ్చినట్టు నటించగా తీసిన మొహాలు వేరే విశ్వవిద్యాలయాల దగ్గరున్నాయి, ఇప్పిస్తాను. మీ యంత్రం వాటిని కూడా పట్టుకుంటుందో లేదో సరిచూసి, ఆ ఫలితం జతచేసి థీసిస్ ఇచ్చెయ్యండి." పెన్ను మూత మళ్ళీ తీశారు. "శౌరమ్మగారూ, టీలో పంచదార ఎక్కువైంది."

తలూపేవాళ్ళు దేనికి తలూపారో తెలియలేదు గానీ గట్టిగా ఊపారు.

తిరుగు బస్సులో పిన్ని నన్ను తిట్టడం కంకిపాడులో మొదలుపెట్టింది. "రీసెర్చ్ చెయ్యడం రాదనుకుంటారే నా గురించి! క్యూలో నిలబడ్డానని, ఇడ్లీలు పెట్టానని థీసిస్‌లో రాసుకుంటారా ఎవరన్నా? అయినా అంతమంది ముందు ఆ నోరు ఎక్కడినుంచి వచ్చింది నీకు?"

"ఏమో పిన్నీ."

"సోమవారం ఇంకో కాలేజీ వాళ్ళకి ఫోన్ చేస్తా. ఈసారి డెమో క్లాసుకి ఆ నోరు కూడా తీసుకెళ్ళు."

పెనమలూరు దాటాం. ఇంకా తిడుతూనే ఉంది. పోరంకి దగ్గర ఒకమ్మాయి బస్సెక్కి మా ముందు సీట్లో కూర్చుంది. ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, కిటికీకి తల ఆనించి, చప్పుడు లేకుండా ఏడవడం మొదలుపెట్టింది.

పిన్ని తిట్టు సగంలో ఆగింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది.

"పిన్నీ, థీసిస్‌కి ఇంక అక్కర్లేదుగా?"

"నువ్వుండవే" అంటూ లేచింది.

"ఒక్క క్షణం..." అని వినిపించింది.  తరవాత ముక్కు చీదుతూ ఒక నవ్వు. "అయ్యో, పోయింది!" అంది మా పిన్ని, పోయినందుకు ఏమాత్రం బాధ లేని గొంతుతో.

నేను కిటికీ వైపుకి బాగా జరిగి, మా సీట్లో మూడో మనిషికి చోటు చేశాను.